పన్నెండున్నరకి వచ్చే మనిషి

మొన్న రేపల్లె నుంచి టీచరమ్మగారు బాపట్ల వచ్చారు. ఇక్కడి చర్చిలో ఆడవాళ్ళ మీటింగట. అది ముగించుకుని, అడ్రసు కాగితం పట్టుకుని, రిక్షా ఎక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. రేపల్లెలో మేం అద్దెకున్న ఇల్లు ఆవిడదే. కాఫీ తాగుతూ మా పాత సందు సంగతులన్నీ చెప్పుకొచ్చారు. ఎవరికి పెళ్ళయిందో, ఎవరు ఇల్లు అమ్ముకున్నారో, ఏ మిల్లు మూతపడిందో అన్నీ అయ్యాక గ్లాసు కింద పెడుతూ, "అన్నట్టు, మన సందులోంచి వెళ్ళే ఆ మిల్లు తాత పోయాడమ్మా, పోయిన నెల" అన్నారు.

"ఎవరూ, కొక్కెం తాతా?" అన్నాను.

"ఆయనే. పేరేంటో గుర్తు రావట్లేదు."

నాకూ గుర్తు రాలేదు. అసలు తెలిస్తే కదా గుర్తు రావడానికి! మా అమ్మాయి చిన్ని కడుపులోకి దాదాపు ఏడాదిన్నర పాటు నాలుగు మెతుకులు దిగాయంటే అది ఆయన చలవే. అలాంటి మనిషిని ఒక్కసారి కూడా పేరు అడగలేదు. టీచరమ్మగారు వెళ్ళిపోయాక ఆ సంగతే తలుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. సిగ్గేసింది.

అవి ఎనభైల్లో మాట. మావారికి రేపల్లెలో ఉద్యోగం. మా సందు చివర రెండు రైసు మిల్లులు. చిన్నికి అప్పుడు మూడు దాటింది. అన్నం దగ్గర అది పెట్టే పేచీ ఇంతా అంతా కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకునేది. అరగంట తర్వాత చూస్తే అక్కడే ఉండేది. పప్పన్నంలో నెయ్యి వేసి, మెత్తగా పిసికి, చంకనేసుకుని, సందులో ఆ కొసకీ ఈ కొసకీ తిరిగేదాన్ని. కాకిని చూపించాను, గేదెదూడని చూపించాను, రిక్షాని చూపించాను. అన్నిటినీ చూసేది, నోరు మాత్రం తెరిచేది కాదు. నేనొక్కదాన్నే కాదు, ఆ సందులో చంటిపిల్లలున్న ప్రతి ఇల్లాలూ మిట్టమధ్యాహ్నం చేతిలో కంచంతో అలా ఊరేగుతూ ఉండేది.

పన్నెండున్నరకి మిల్లు కూత వేసేది. బస్తాలు మోసే ముఠా కూలీల్ని భోజనాలకి వదిలేవాళ్ళు. కొక్కెం తాత ఇల్లు కాలవ అవతల. మా సందులోంచే నడిచి వెళ్ళేవాడు. అరవై ఏళ్ళుంటాయేమో. మా గుమ్మానికి తల తగిలేంత ఎత్తు మనిషి. ఏళ్ళ తరబడి బస్తాలు మోసి మోసి మెడ వెనక నల్లటి కాయ కాచింది. కనుబొమలూ మీసాలూ తవుడు దుమ్ముతో తెల్లగా ఉండేవి. ఒక కన్ను ఎప్పుడూ సగం మూసుకుని ఉండేది. వడ్లపొట్టు పడి చెడిందట. భుజానికి బస్తాలు లాగే ఇనప కొక్కెం వేలాడుతూ ఉండేది. పిల్లల్ని భయపెట్టడానికి ఇంకేం కావాలి!

ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ నేను ఆ సందులో కాపురం పెట్టేసరికే ఆ ఏర్పాటు ఉంది. పిల్ల అన్నం తినకపోతే తల్లి కంచాన్ని తీసుకెళ్ళి ప్రహరీగోడ మీద పెట్టాలి. అది ఆయనకి గుర్తు. గోడ మీద కంచం కనపడగానే ఆయన ఆగి, కొక్కేన్ని గేటు ఊచకి ఠంగున తగిలించి, సందంతా దద్దరిల్లేలా, "ఎవరండీ ఇక్కడ అన్నం తిననిది? సంచిలో జాగా ఉందండీ!" అనేవాడు. అన్నం తినని పిల్లల్ని సంచిలో వేసుకుపోతాడని మేం ముందే చెప్పి ఉంచేవాళ్ళం. ఆ భయంతో పిల్లల నోళ్ళు తెరుచుకునేవి. ఇంకేముంది, గబగబా కుక్కెయ్యడమే. మంచినీళ్ళు కూడా అక్కర్లేకుండా కంచం ఖాళీ అయ్యేది.

ఒక్క సంగతి మాత్రం నాకు అప్పట్లో తమాషాగా ఉండేది. ఆ కేక వేసేటప్పుడు ఆయన పిల్లల వంక చూసేవాడు కాదు. గేటు స్తంభాన్నో కంచాన్నో చూస్తూ అరిచేవాడు. పది అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే, అంత పెద్ద గొంతునీ బాగా తగ్గించి, "మింగిందాండీ?" అని అడిగేవాడు.

"మింగింది, నువ్వెళ్ళు తాతా."

"కూర కూడా పెట్టండి. ఉత్త పప్పేనా?"

నాకు నవ్వొచ్చేది. నా వంటకి వంకలు పెట్టేవాడు ఇంకొకడు తయారయ్యాడనుకునేదాన్ని.

టీచరమ్మగారికి మాత్రం ఇది నచ్చేది కాదు. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ, కళ్ళజోడు మీదనుంచి చూసి, "ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పానమ్మా. బెత్తం చూపించి నేర్పిన ఎక్కం ఒక్కటీ వేసవి సెలవులు దాటి నిలవలేదు" అనేవారు. ఈవిడకేం, కిరసనాయిలు స్టవ్వు మీద వంట చేసి, ఎంగిలి గిన్నెలు తోమి, ఆపైన ఈ పిల్లకి తినిపించాలంటే తెలుస్తుంది అని లోపల సణుక్కునేదాన్ని. పైకి మాత్రం, "అవునండి" అనేదాన్ని.

ఇలా నడుస్తుండగా ఒకసారి తెనాలిలో మా పుట్టింటికి వెళ్ళి, పగటి పాసింజరులో తిరిగొచ్చాం, నేనూ చిన్నీ. అప్పటికి దానికి నాలుగున్నర. రేపల్లె వచ్చాక రైలు ఇంకెక్కడికీ పోదు, పట్టాలు అక్కడితో ఆఖరు. అందుకని ఆ స్టేషన్లో దిగడానికి ఎవరికీ తొందరుండదు. నాకూ లేదు. చిన్నిని ప్లాట్‌ఫారం మీద దింపి, "ఇక్కడే నిలబడు, కదలకు" అని చెప్పి, మా అమ్మ కట్టిచ్చిన డబ్బాల కోసం మళ్ళీ పెట్టెలోకి ఎక్కాను. ఒక డబ్బా సీటు కిందకి దొర్లిపోయింది. వంగి, దాన్ని లాగి, చెంగు దులుపుకుని దిగేసరికి పిల్ల లేదు.

కుళాయి దగ్గర చూశాను, టీ కొట్టు దగ్గర చూశాను, బయట రిక్షాల దాకా పరిగెత్తాను. కనపడినవాళ్ళనల్లా, "ఎర్రగౌను పిల్ల, బాబూ, ఎర్రగౌను" అని అడుగుతున్నాను. ఎవరో పోర్టరు, "గూడ్సు షెడ్డు దగ్గర ముఠావాళ్ళు ఏదో అరుస్తున్నారమ్మా, అటు చూడండి" అన్నాడు. డబ్బాలు అక్కడే పడేసి పట్టాలమ్మట పరిగెత్తాను.

షెడ్డు దగ్గర మా సందు మిల్లుల బియ్యం ఎక్కించుకునే వ్యాగన్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి అవతలి పట్టాల మీద మా రైలు తాలూకు ఇంజను. పెట్టెల్ని వదిలేసి రెండో కొసకి వెళ్ళి తగులుకోవడానికి బయల్దేరింది. కానీ కదలడం లేదు. కూత మీద కూత వేస్తోంది. దాని ముందు ఒక ముఠా కూలీ తలగుడ్డ ఊపుతూ పట్టాల మధ్య నిలబడ్డాడు. ఇటుపక్క బస్తాల దగ్గర మిగతా కూలీలందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు. వ్యాగన్లకి ఇరవై అడుగుల దూరంలో మా కొక్కెం తాత నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వ్యాగన్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కొక్కెం ఎక్కడో దూరంగా పడేసి ఉంది.

"తాతా, మా పాప..." అన్నాను.

ఆయన తల తిప్పలేదు. "ఆ మూడో వ్యాగను కింద ఉందండి. దెబ్బేం తగల్లేదు. ఒక్కతే ఇటొచ్చేస్తుంటే చూసి పిలిచానమ్మా. నన్ను చూసి కిందకి దూరింది. నేను పిలిచేకొద్దీ అవతలికి జరుగుద్ది. అవతల ఇంజనుంది. అందుకని ఇంజను ఆపించి, ఇటు తిరిగి కూర్చున్నా. ఎవర్నీ దగ్గరికి పోవద్దన్నా. మీరు పిలవండి, వస్తది."

వంగి చూశాను. చక్రం పక్కన ముడుచుకుని కూర్చుంది చిన్ని. రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకుంది. నన్ను చూసి చేతులు తీసి ఒక్కసారిగా అరిచింది.

"నేను తినేశా! అమ్మమ్మ ఇంట్లో మొత్తం తినేశా! తాతకి చెప్పమ్మా, తినేశానని చెప్పు!"

నా వెనక ఆయన అటు తిరిగే, బుజ్జగింపుగా, "తిన్నావు తల్లీ, తిన్నావు. నాకు తెలుసు" అన్నాడు. ఆ గొంతు వినపడగానే చిన్ని ఇంకో అడుగు అవతలికి జరిగింది. ఆ తర్వాత ఆయన నోరెత్తలేదు.

నేను పట్టాల మీద మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి వెళ్ళి దాన్ని ఇవతలికి లాగాను. గ్రీజు, మసి, నా చీరంతా పాడైంది. పిల్ల నా మెడ పట్టుకుని వణుకుతోంది. నాకు ఎవరి మీద కోపమో తెలియని కోపం ముంచుకొచ్చింది. దాన్ని ఎత్తుకుని లేచి, ఆ పెద్దమనిషి వీపుని చూస్తూ, "నువ్విక్కణ్ణుంచి వెళ్ళు తాతా! ముందు వెళ్ళు!" అని అరిచాను.

ఆయన లేచాడు. లుంగీకి అంటిన మట్టి దులుపుకుని, మా వైపు తిరగకుండానే షెడ్డు లోపలికి వెళ్ళిపోయాడు. పిల్లని కాపాడినందుకు నేను ఆయనకి చెప్పిన కృతజ్ఞత అది.

మర్నాడు పన్నెండున్నరకి మిల్లు కూత వేసింది కానీ ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సందులో గోడల మీద పెట్టిన కంచాలు పెట్టినట్టే ఉన్నాయి, మెతుకులు ఎండిపోయాయి. "ఏంటండీ, తాత రావట్లేదు? మా వాడు రెండు రోజుల నుంచి పాలే" అని పక్కింటావిడ నన్నే అడిగింది. చివరికి పాలవాడు చెప్పాడు, ఆయన చుట్టూ తిరిగి కాలవగట్టు మీదుగా వెళ్తున్నాడని. మైలు దూరం ఎక్కువ. పైగా రోహిణీ కార్తె ఎండలు.

వారం రోజులు నాకు ముద్ద దిగలేదు. చిన్ని ముందే మానేసింది. అన్నం కంచం చూస్తేనే నోటికి చేతులు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చేతులు తియ్యమని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఎనిమిదో రోజున దాన్ని టీచరమ్మగారికి అప్పజెప్పి, కూత వేసే వేళకి మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను.

నన్ను చూసి ఆయన కంగారుపడ్డాడు. "పాపకి బాగుందాండీ?" అన్నాడు ముందు.

"నా బుద్ధి గడ్డి తిని ఆ రోజు అలా అరిచాను తాతా. ఏమీ అనుకోకు" అన్నాను.

"మీరన్నదానికి కాదండీ నేను రానిది." తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మాకు ముగ్గురు పుట్టారండి. ఒక్కళ్ళూ ఏడాది దాటలేదు. అన్నం తినే వయసు దాకా ఎవరూ రాలేదు. ఈ సందులో అమ్మలు నన్ను కేకెయ్యమంటే నాకు బాగుండేది. నేను అరిస్తే పిల్ల నోరు తెరుస్తది, ముద్ద లోపలికి పోద్ది. ఆ ముద్ద నేనే పెట్టినట్టు అనుకునేవాణ్ణండి. పిచ్చోణ్ణి. ఆ రోజు వ్యాగను కింద తినేశా తినేశా అని అరుస్తుంటే విన్నానండీ. ఇంక ఆ సందులో కాలు పెట్టబుద్ధి కావట్లేదు."

నాకు ఏడుపొచ్చింది. మిల్లు గేటు ముందు, బండివాళ్ళందరూ చూస్తుండగా, ఏడ్చేశాను. "దాన్ని తీసుకొచ్చి నీ ఒళ్ళో కూర్చోబెడతాను తాతా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

"అయ్యబాబోయ్, అంతపని చెయ్యకండి!" అన్నాడు. "కొత్తగా కొన్న దూడని చూడండి. తాడుపట్టి లాగితే అది వెనక్కే తంతది. మనం దాని వంక చూడకుండా మన పని మనం చేసుకుంటుంటే అదే వచ్చి వాసన చూస్తది. మీ ఎదర మూసేసిన గోడౌను ఉంది గదా, రేపట్నుంచి ఆ మెట్ల మీద కూచుని అన్నం తింటా. అటు తిరిగే కూచుంటా. మీరు మాత్రం పాపని రమ్మనొద్దు, పొమ్మనొద్దు, నా పేరెత్తొద్దు."

"మరి అన్నం? నువ్వు లేకపోతే అది తినడం లేదు."

"ఆకలేస్తే తింటదండి. ఒక్కపూట ఊరుకుని చూడండి."

ఊరుకున్నాను. నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. కంచంలో అన్నం పెట్టి, మూతవేసి, దాని జోలికి పోకుండా వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఒంటిగంటయింది, రెండయింది, మూడయింది. పిల్ల బొమ్మలతో ఆడుకుంటోంది. నా కళ్ళన్నీ ఆ మూత మీదే. నాలుగింటికి వచ్చి, ఏమీ జరగనట్టు, "అమ్మా, ఆకలి" అంది. నేనూ ఏమీ జరగనట్టు మూత తీశాను.

ఆయన అన్నమాట ప్రకారం రోజూ గోడౌను మెట్ల మీద మాకు వీపు పెట్టి కూర్చుని తినేవాడు. వాళ్ళావిడ గిన్నెలో కట్టిచ్చిన అన్నం, పచ్చడి. కొక్కెం మిల్లులోనే వదిలేసి వచ్చేవాడు. మొదట్లో చిన్ని తలుపు వెనక నుంచి చూసేది. తర్వాత కిటికీ ఎక్కి చూసేది. పదిహేను రోజులకి గేటు దాకా వచ్చింది. నెలకి సందు దాటింది. ఆయన వెనక నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఆ వీపుని చూస్తూ ఉండేది. ఆయనకి తెలుసు. తెలిసినా తిరిగేవాడు కాదు. నేను లోపల కిటికీ చువ్వలు పట్టుకుని చూసేదాన్ని.

ఒకరోజు అదే మాట కలిపింది.

"నీ సంచి ఏది?"

"ఏ సంచి తల్లీ?" అన్నాడు, అటు తిరిగే.

"పిల్లల్ని వేసుకునే సంచి."

"నా దగ్గర బియ్యం సంచులేనమ్మా. పిల్లల సంచి లేదు."

"మరి నేను అన్నం తినకపోతే?"

"తినకపోతే నీ కడుపే కాలుద్ది. నాకేంటంట?"

అది కాసేపు ఆలోచించి, పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చి, "అమ్మా, తాత నన్ను తీసుకుపోడంట! అసలు సంచే లేదంట!" అంది. మొహం వెలిగిపోతోంది. "అవునా" అన్నాను. అంతలోనే దాని కనుబొమలు ముడిపడ్డాయి. "మరి తీసుకుపోతాడని నువ్వెందుకు చెప్పావ్?"

ఊరికే చెప్పానే అన్నాను. ఊరికే ఎందుకు చెప్పావంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయాను. స్టవ్వు మీద పాలేమీ లేవు.

ఆ సందులో మిగతా తల్లులు నన్ను తిట్టుకునే ఉంటారు. వాళ్ళ కంచాలకి దిక్కులేకుండా చేశాను కదా. పక్కింటావిడ అడిగితే ఆయన, "కొక్కెం మిల్లువాళ్ళు లాగేసుకున్నారండీ, ఇంక గొంతు కూడా లేవట్లేదు" అని అబద్ధం చెప్పాడట. టీచరమ్మగారు చెప్పి నవ్వారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా మావారికి బాపట్ల బదిలీ అయింది, మేం వచ్చేశాం.

మొన్న టీచరమ్మగారు వెళ్ళాక, కాలేజీ నుంచి వచ్చిన చిన్నిని అడిగాను, కొక్కెం తాత గుర్తున్నాడా అని. వ్యాగను సంగతి దానికి బొత్తిగా గుర్తులేదు. "పెద్ద వీపు గుర్తుందమ్మా. మెడ మీద నల్లటి కాయ. అది ముట్టుకుంటే గట్టిగా ఉండేది. మొహం మాత్రం గుర్తు రావట్లేదు" అంది. పోనీలే, ఆ కాయని ముట్టుకున్న పిల్ల ఒకతి ఉంది కదా అనుకున్నాను. చిన్నికి గుర్తులేనిది, నేను ఇప్పటికీ మర్చిపోలేనిది ఒకటుంది. అది దానికి చెప్పలేదు.

మేం రేపల్లె వదలడానికి కొద్దిరోజుల ముందు. అప్పటికి చిన్ని తన కంచం తను పట్టుకెళ్ళి మెట్ల మీద ఆయన పక్కనే కూర్చుని తినడం అలవాటు చేసుకుంది. ఆ రోజు ఆయనకి ఒంట్లో బాగాలేదు. గిన్నె మూతైనా తియ్యకుండా గోడకి చేరగిలబడ్డాడు. నేను గరిటెతో మారు వడ్డిద్దామని గేటు దాకా వచ్చి ఆగాను. చిన్ని తన కంచంలో పప్పన్నం ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఆఁ అను తాతా."

"వద్దు తల్లీ, సయించట్లేదు. నువ్వు తిను."

అది మళ్ళీ పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చిన్ని ఒకసారి వెనక్కి తిరిగి మా గేటు వైపు చూసింది. గరిటె పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. దాని మొహం చిన్నదైంది. ఆయన మీదకి వంగి, నాకు వినపడకూడదని గొంతు తగ్గించి, తొందర తొందరగా చెప్పింది. సందులో ఎవరూ లేరు, అంతా వినపడింది.

"తినెయ్ తాతా, తొందరగా తినెయ్. మా అమ్మ చూస్తోంది."

ఆయన నా వంక చూడలేదు. పెద్దగా నోరు తెరిచి, ఆ ముద్దని గబుక్కున మింగేశాడు. నేను గేటు స్తంభం చాటుకి తప్పుకున్నాను.